కెమెరా ఆన్‌లోనే ఉండాలి

మూడో దెబ్బకు కూడా అద్దం పగల్లేదు. పగలదు, నాకు తెలుసు. ఈ అద్దం కోసం పైవాళ్ళతో ఎనిమిది నెలలు కొట్లాడింది నేనే. రెండు పలకల మధ్య పొర పెట్టిన మందపాటి అద్దమే కావాలి, లోపల మాట్లాడింది బయటికి వినపడకూడదు, బయట నిలబడ్డవాడు పెదాలు చూసి కూడా సంగతి పోల్చుకోకూడదు అని పట్టుబట్టి, మోకాళ్ళ దగ్గర్నుంచి మనిషి ముక్కు ఎత్తు దాకా తెల్లటి మసక కాగితం కూడా అంటించాను. అందుకే ఇప్పుడు వాడు నాకు రెండు ముక్కలుగా కనిపిస్తున్నాడు. కింద నల్ల బూట్లు. పైన కళ్ళు, నుదురు, ఎత్తిన చేతుల్లో ఎర్రటి సిలిండరు, మెట్ల దగ్గర గోడకు తగిలించి ఉండాల్సింది, మంటలార్పేది. పోయిన నెల దాన్ని తనిఖీ చేసి చీటీ మీద సంతకం పెట్టింది కూడా నేనే, బరువు ఆరు కిలోలు. మధ్యలో ఉన్న మనిషంతా నీడ. ఆ నీడ వెనక్కి వెళ్తుంది, ముందుకొస్తుంది, దబ్‌మని చప్పుడు, ఆ చప్పుడు కూడా గట్టిగా రాదు, పక్కింట్లో ఎవరో పరుపు దులుపుతున్నట్టు మెత్తగా వస్తుంది. ఎంత మంచి అద్దం కొన్నావే మహాతల్లీ, నిన్ను నువ్వే మెచ్చుకో. గోడ మీద పెద్ద తెర నల్లగా ఉంది. దాని మూల చిన్న అంకెలు, పది ముప్ఫై ఆరు.

బల్ల కింద ఆ అమ్మాయి. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, తల వాటి మధ్య పెట్టుకుని. ఏడవడం లేదు, అరవడం లేదు, అదే నాకు భయంగా ఉంది. తల ఎక్కడ దాచుకోవాలో, పక్కటెముకలకు మోచేతులు ఎలా అడ్డం పెట్టుకోవాలో బాగా అలవాటున్న మనిషిలా కూర్చుంది. చెవి పైనుంచి నెత్తురు మెడ మీదికి కారి చొక్కా కాలరు దగ్గర ఆగింది. లిఫ్టు దగ్గర వాడికి దొరికిన ఒక్క క్షణంలో ఒక్క గుద్దు గుద్దాడు. అంతకు ముందు మా వాచ్‌మన్‌ని కొట్టాడు. పాపం ఆ పెద్దాయన ఎవరు కావాలి సార్, పేరు రాయండి అని రిజిస్టరు ముందుకు తోశాడు. అలా తోయమని ఆయనకు నేర్పింది నేనే. వాడు ఆ రిజిస్టరు అట్ట అంచుతోనే ఆయన మొహం మీద కొట్టాడు, ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు, పడ్డాక కూడా తన్నాడు, రెండు సార్లు, తీరిగ్గా, బూటుకి ఏమైనా అంటిందా అని చూసుకుంటూ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆడిన మరుక్షణం ఈ అమ్మాయి రెక్క పట్టుకుని లాగాను, దగ్గర్లో ఉన్న గది ఇదే, లోపలికి తోసి గడియ పెట్టాను. ఆలోచించి చేసింది కాదు. ఆలోచించి ఉంటే ముందు ఫోను తీసుకునేదాన్ని.

ఫోన్లు లాకర్లలో ఉన్నాయి. లిఫ్టు దిగగానే కుడివైపు, వరసగా అరవై చిన్న అరలు, ఒకటో నంబరు నాది. మా ఆఫీసుకు వచ్చేవన్నీ జనాల ఆసుపత్రి కాగితాలు, బీమా కోసం పంపినవి. ఎవరి కడుపులో ఏ పుండుందో, ఎవరికి బిడ్డ ఎందుకు నిలవలేదో అన్నీ మా బల్లల మీదికి వస్తాయి. మూడేళ్ళ కిందట ఒక గుమాస్తా మహానుభావుడు ఒకావిడ ఎక్స్‌రే ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టి నవ్వుకున్నాడు, ఆ గ్రూపులో ఆవిడ తోడికోడలు ఉంది, అంతే, ఆవిడ వచ్చి మా గుమ్మం ముందు నిలబడి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. అప్పుడు రాశాను పద్నాలుగు నిబంధనలు. ఆఫీసు మాట సొంత ఫోనులో వద్దు. మీటింగు తెర ఫోటో తీయొద్దు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపిన లింకు ముట్టుకోవద్దు. ఫోను అంతస్తులోకే తేవద్దు. పిల్లలంతా నాకు రూల్సమ్మ అని పేరు పెట్టారు. నేను విననట్టు నటిస్తాను గానీ ఆ పేరంటే నాకు లోలోపల కాస్త గర్వమే. ఈ గదిలో తెర ఉంది, కెమెరా ఉంది, మైకు ఉంది, ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చు, కాకపోతే మొదలుపెట్టాలంటే ఒక కోడ్ కొట్టాలి, ఆ కోడ్ నా ఫోనుకి వస్తుంది. నా ఫోను ఒకటో నంబరు అరలో ఉంది. దాని ముందు వాడున్నాడు.

నాలుగో దెబ్బ. అయిదు. మూలన చిన్న మెరుపు గీతలా పగులు. బాగుంది. అద్దం బిగించిన మేస్త్రీ అప్పుడే చెప్పాడు, మేడమ్, సుత్తి తీసుకుని పని కట్టుకుని కొట్టినా ఇరవై నిమిషాలు ఆగుతుంది, ఆ పైన నా పూచీ లేదు అని. నేను నవ్వాను, ఇక్కడ సుత్తి తీసుకుని ఎవరొస్తారయ్యా అని. ఇవాళ శుక్రవారం, శుక్రవారం అందరూ ఇళ్ళ నుంచే పని చేస్తారు. కింది అంతస్తులో కుర్చీలూ బల్లలూ నిలవ పెట్టుకునే గోదాము, ఈ చప్పుడు విన్నా పైన ఏదో మరమ్మతు అనుకుంటారు. మంటలంటుకుంటే మోగించే గంట మెట్ల దగ్గర. మామూలు ఫోను వాచ్‌మన్ బల్ల మీద. బయటికి మాట చేరే దారి ఒక్కటే ఉంది. ప్రతి శుక్రవారం పదకొండింటికి నేను పెట్టే క్లాసు, సందేశాలూ వీడియోలూ ఎలా జాగ్రత్తగా వాడాలో చెప్పే క్లాసు, అన్ని శాఖలవాళ్ళూ రావాలి, రాకపోతే ఊరుకోను. ఆ మీటింగు ఏడాది మొత్తానికి ముందే పెట్టి ఉంచాను. పదకొండయ్యేసరికి ఈ తెర తనంతట తనే లేస్తుంది, కోడ్ అడగదు. తెర అయిదు నిమిషాల ముందు వెలిగినా, క్లాసు మాత్రం పదకొండుకి ఒక్క నిమిషం ముందు కూడా తెరుచుకోదు, ముందే తెరిస్తే పిల్లలు చేరి సినిమాలు మాట్లాడుకుంటున్నారని దానికీ తాళం వేయించాను. ఇప్పుడు పది ముప్ఫై తొమ్మిది. అద్దం ఇరవై నిమిషాలు ఆగుతుంది, వాడు కొట్టడం మొదలుపెట్టి అయిదు నిమిషాలయింది. లెక్క కుదరడం లేదు, ఆరు నిమిషాలు తక్కువ పడుతోంది.

ఈ అమ్మాయిని ఇవాళ రమ్మన్నది కూడా నేనే. కెమెరా మూడు సార్లు ఆపేసినందుకు హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి. ఆ కాగితం ఈ బల్ల మీదే ఉంది, కలం కూడా పక్కనే పెట్టాను, నా పద్ధతి అంత ముచ్చటైనది. నాలుగో నిబంధన, మీటింగులో కెమెరా ఆన్‌లోనే ఉండాలి, తెర కింద పూర్తి పేరూ శాఖ పేరూ కనిపించాలి. పేరు మాటున ఎవడో దొంగ దూరకూడదు కదా. ఈ అమ్మాయి చేరిన రోజు నుంచీ దీంతోనే పేచీ. ముందు వెనకాల అంతా మసక పెట్టింది, సరే అన్నాను. తర్వాత మొహం మీద కూడా వెలుతురు పడకుండా కూర్చుంది, అందరూ మసకమ్మా మసకమ్మా అని ఏడిపించేవారు, తనూ నవ్వేది. పేరు బదులు ఒక్క అక్షరం పెట్టుకుంటే బయటే నిలబెట్టాను, పూర్తి పేరు పెడితేనే లోపలికి అని, రెండొందల మంది ఎదురుచూస్తుండగా పెట్టించాను. ఒకసారి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, మేడమ్, నాకు కెమెరా ఒక్కటి మాఫీ చేయండి, పని ఎంతైనా చేస్తాను అంది. కారణం రాసివ్వమన్నాను. రాసిచ్చింది, సొంత విషయం అని రెండే ముక్కలు. సొంత విషయం కారణం కాదమ్మా, అందరికీ సొంత విషయాలుంటాయి అన్నాను. అప్పుడు తన ఎడమ చెయ్యి చూశాను. మణికట్టు దగ్గర ఎముక వంకరగా అతుక్కుని ఉంది. చూశాను, చూసి, చిన్నప్పుడు ఎక్కడో పడి ఉంటుందిలే అనుకున్నాను. నేను. అలాంటి చేతుల మధ్య పెరిగిన నేను.

కిటికీలు వెయ్యవే, అనేది అమ్మ. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. నాన్న బెల్టు విప్పుతున్న చప్పుడు, ఆ బకిల్ చిన్న గంటలా మోగేది, నేను లేచేదాన్ని. ముందు వీధివైపుది, తర్వాత పక్కవైపు రెండు, చివర వంటగదిది. తొమ్మిదేళ్ళు నాకు, వంటగది కిటికీ అందక పీట వేసుకునేదాన్ని. వేసి, గడియ నొక్కి, పీట మీదే కూర్చుని, బయటికి ఎంత వినపడుతోందో లోపలి నుంచే అంచనా వేసేదాన్ని. ఎక్కువ అనిపిస్తే కుళాయి తిప్పేదాన్ని. అమ్మ అరిచేది కాదు, నోట్లో కొంగు కుక్కుకునేది, బెల్టు మాత్రం అరిచేది. అయిపోయాక అమ్మ మొహం కడుక్కుని వచ్చి నా తల నిమిరేది, నా బంగారు తల్లి, ఒక్క కిటికీ మర్చిపోదు అని. నాకు మెప్పు అక్కడ మొదలయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు అదే పని చేస్తున్నాను, కిటికీలు వేస్తున్నాను, దానికి జీతం కూడా ఇస్తున్నారు, బయటికి పొక్కకుండా చూసేదాన్నని వార్షికోత్సవంలో శాలువా కూడా కప్పారు. ఒక్కసారీ నాకు తట్టలేదు, కిటికీ వేస్తే దెబ్బ ఆగదు కదా అని.

పది నలభై నాలుగు. పగులు సాలెగూడులా పరుచుకుంది. వాడి కళ్ళు ఒక చోట పగుళ్ళలో పడి నాలుగుగా కనిపిస్తున్నాయి. ఆగాడు, ఊపిరి తీసుకుంటున్నాడు, సిలిండరు కింద పెట్టి అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు, నూతి దగ్గర నీళ్ళు తోడి అలసిన మనిషిలా. నేను బల్ల కిందికి వంగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అమ్మాయ్. వీడికి ఈ చోటు ఎలా తెలిసింది?"

"వీడియోలో చూశాడంట మేడమ్."

"ఏ వీడియో?"

"పోయిన శుక్రవారం క్లాసుది. వాళ్ళ ఆఫీసులో కూడా వేశారంట. నాలుగో వరసలో భలే కనబడ్డావే, పేరూ ఊరూ రాసిపెట్టి మరీ కూర్చున్నావే అన్నాడు, లిఫ్టు దగ్గర." నన్ను ఓదారుస్తున్నట్టు, "మీకు తెలీదు కదా మేడమ్" అంది.

తెలీదు. అది నిజమే, తెలుసుకోలేదు కనక తెలీదు. ఆ క్లాసు బాగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు, మాకు కాగితాలు స్కాన్ చేసి పంపే మూడు చిన్న కంపెనీలకు కూడా చూపించండి, వాళ్ళకూ బుద్ధి వస్తుంది అని పైవాళ్ళు అంటే ఉబ్బి తబ్బిబ్బయి పంపాను. మీటింగు తెర ఫోటో ఒక్కటి బయటికి పోతే ఉద్యోగం ఊడుతుందని పిల్లల్ని బెదిరించే నేను, గంటన్నర మీటింగు మొత్తం, రెండొందల మొహాలు, రెండొందల పేర్లు, ఎవరిది ఏ ఊరి శాఖో దానితో సహా నా చేత్తోనే పంపాను. నేను పంపితే లీకు కాదు కదా, శిక్షణ. వీడు ఆ మూడింట్లో ఒకదాంట్లో కూర్చుని, చేతులు కట్టుకుని, నేను భద్రత గురించి చెప్పిందంతా శ్రద్ధగా విని, నాలుగో వరసలో పెళ్ళాన్ని చూసుకున్నాడు. పద్నాలుగు నిబంధనల్లో ఒక్కదాంట్లోనైనా, నిన్ను వెతుకుతున్న మనిషి ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడిగే గడి పెట్టలేదు.

మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఒకే చోట, గడియ పక్కనే. వీడికి తెలివుంది. కళ్ళు మూసుకుపోయి కొడుతున్నవాడు అద్దం నిండా కొడతాడు, వీడు చోటు చూసుకుని కొడుతున్నాడు. పది నలభై తొమ్మిది, యాభై, యాభై ఒకటి. గదిలో ఏముంది? కుర్చీలు, కలం, హెచ్చరిక కాగితం, నా స్టీలు నీళ్ళ సీసా. కుర్చీలన్నీ తలుపుకి అడ్డం తోశాను, చక్రాల కుర్చీలు, తోసినంత సులువుగా వెనక్కి వస్తాయి, ఈ కుర్చీలు కొన్నది మాత్రం నేను కాదు. మేస్త్రీ చెప్పిన ఇరవై నిమిషాలకు ఇంకా మూడు నిమిషాలుండగానే పిడికెడంత ముక్క లోపలికి రాలింది, అప్పటిదాకా మెత్తగా ఉన్న లోకం ఒక్కసారిగా చెవుల్లోకి దూరింది, వాడి గొంతు, మామూలు గొంతు, అరుపు కూడా కాదు. "తలుపు తియ్ మేడమ్. మీకేం సంబంధం లేదు. ఇది మా ఇంటి విషయం. మాట్లాడి తీసుకుపోతా." ఎంత మర్యాద. ఆ మర్యాద వెనకాలే చెయ్యి వచ్చింది, కన్నం అంచులు గీసుకుంటూ, మోచేతి దాకా, వేళ్ళు గడియ కోసం తడుముతూ, గోరు కింద ఎర్రగా, ఉంగరం వేలికి ఉంగరం. పెళ్ళి ఉంగరం అనుకుంటా.

నేను సీసా ఎత్తి కొట్టాను. మొదటి దెబ్బ గడియకే తగిలింది. రెండోది వేళ్ళ మీద. మెత్తగా, తర్వాత గట్టిగా, తర్వాత లోపల ఏదో పుటుక్కుమంది. వాడు అరిచాడు. నేను ఆపలేదు. మణికట్టు మీద, ఎముక దగ్గర, సరిగ్గా ఆ అమ్మాయికి వంకర అతుక్కున్న చోటే, మళ్ళీ, మళ్ళీ, సీసా మూత ఊడి నీళ్ళు చింది, నీళ్ళూ నెత్తురూ కలిసి గచ్చు మీద పారుతున్నాయి, నేను కొడుతూనే ఉన్నాను, పళ్ళు నూరుతూ, నా నోట్లోంచి ఏవో మాటలు, మా వీధి పంపు దగ్గర కూడా ఎవరూ అనని మాటలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాన్నా, ఇదేనా, నీకూ ఇలాగే ఉండేదా, అమ్మ వీపు మీద బెల్టు పడ్డప్పుడల్లా భుజం దగ్గర్నుంచి ఈ తేలికే దిగేదా. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, లాక్కుంటుంటే అద్దం అంచు మోచేతి నుంచి మణికట్టు దాకా పొడుగ్గా చీల్చింది. సీసా సొట్ట పోయింది. బల్ల కింద నుంచి ఆ అమ్మాయి నన్ను చూస్తోంది, వాణ్ని చూసినట్టే. ఆ చూపుకి నా చెయ్యి దానంతట అదే కిందికి వాలింది.

పది యాభై అయిదు. తెర వెలిగింది. నీలంగా, మధ్యలో తెల్ల అక్షరాలు, క్లాసు మొదలవడానికి ఇంకా అయిదు నిమిషాలు, ఎదురుచూస్తున్నవారు నలభై ముగ్గురు. నలభై ఆరు. అరవై. పేర్లు ఒకదాని కింద ఒకటి జారుతున్నాయి, పూర్తి పేర్లు, శాఖ పేర్లు, నా పిల్లలు, ఎంత బుద్ధిగా నేర్చుకున్నారో. వాళ్ళెవరికీ నేను కనిపించను, పదకొండు దాకా. అవతల వాడు చొక్కా విప్పి చేతికి చుట్టుకుంటున్నాడు, తొందరేం లేదు వాడికి. మళ్ళీ సిలిండరు ఎత్తాడు, ఒంటి చేత్తో.

ఒకసారి వంటగది కిటికీ మర్చిపోయాను. మర్చిపోయానో, కావాలనే వదిలేశానో, ఇప్పటికీ తేల్చుకోలేను, పీట మీద కూర్చుని ఆ తెరిచిన రెక్కను చూస్తూ ఉండిపోయాను. నాన్న రెండో దెబ్బ కొట్టాడు, అమ్మ కొంగు జారి ఒక్క కేక బయటపడింది, పక్కింటి అత్తయ్య తన పెరట్లో బట్టలారేస్తూ, ఏమ్మా, ఏంటక్కడ, అని అడిగింది. అంతే. గట్టిగా కూడా కాదు, ఊరికే అడిగింది. నాన్న చెయ్యి గాల్లోనే ఆగింది. నేను చూశాను, ఆగిన ఆ చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది, బెల్టు ప్యాంటుకి ఎక్కింది, జుట్టు సర్దుకున్నాడు, కిటికీ దగ్గరికి వెళ్ళి, ఏం లేదండీ, పిల్ల చెంబు పడేసింది అన్నాడు, నవ్వుతూ. అప్పటిదాకా కోపంలో ఒళ్ళు తెలియదంటారే, అలా ఉన్న మనిషి, ఒక్క ఆడమనిషి ఊరికే అడిగితే జుట్టు సర్దుకున్నాడు. నాకు అప్పుడే తెలియాల్సింది. తెలిసింది కూడా, ఒక్క క్షణం. కానీ అత్తయ్య వెళ్ళిపోయాక అమ్మ నన్ను పీట మీంచి లాగి చెంప పగలగొట్టింది, పరువు తీశావు కదే అని, నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. నేను చూసింది మర్చిపోయి, తిన్నది గుర్తుపెట్టుకున్నాను.

పది యాభై తొమ్మిది. కన్నం తలకాయంత అయింది. అద్దం ముక్కలు బల్ల మీద, హెచ్చరిక కాగితం మీద. ఎదురుచూస్తున్నవారు రెండొందల పదకొండు. కెమెరా మీద చిన్న మూత ఉంటుంది, జరిపితే తెరుచుకునేది. క్లాసు లేనప్పుడు మూసే ఉంచాలి, ఆరో నిబంధన. మూసే ఉంది. నేను తెర ముందు నిలబడి వేలు సిద్ధంగా పెట్టుకున్నాను. పదకొండు. రెండు బొత్తాలు వచ్చాయి, ఒక్కొక్కరినీ చూసి రానివ్వండి, అందరినీ రానివ్వండి. రెండోది ఎన్నడూ నొక్కవద్దు అని ప్రతి క్లాసులో మొదటి మాటగా చెప్పేది నేనే. రెండోదే నొక్కాను.

గది మొహాలతో నిండిపోయింది. వంటగదులు, గోడ గడియారాలు, ఆరేసిన తువ్వాళ్ళు, ఒళ్ళో పిల్లలు. అందరి మైకులూ తెరిచేశాను. వాళ్ళకు మాత్రం నా దగ్గర నల్లటి చీకటే కనిపిస్తోంది. కొంటెనవ్వు నవ్వే మా లెక్కల విభాగం కుర్రాడి గొంతు ముందుగా వచ్చింది, "మేడమ్, మీ కెమెరా ఆన్‌లో లేదు. నిబంధన నంబరు నాలుగు." ఎవరో కిసుక్కున నవ్వారు. వెనకాల గడియ దగ్గర వాడి చెయ్యి, చొక్కా చుట్టిన చెయ్యే, మళ్ళీ లోపలికి వచ్చింది.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి," అన్నాను. "వేళాకోళం కాదు. ఆఫీసులో ఒక మనిషి మా మీద పడ్డాడు. వాచ్‌మన్ పడిపోయి ఉన్నాడు. ఎవరైనా ముందు ఫోన్ చెయ్యండి."

నవ్వు ఆగింది. కుర్చీలు జరిగిన చప్పుడు, నేను చేస్తున్నా అని ఒకరు, నేనూ అని ఇంకొకరు, నేను వెనక వీధిలోనే ఉన్నా వస్తున్నా అని ఇంకో గొంతు. వాళ్ళొచ్చేలోపు గడియ తెరుచుకుంటుంది. నా వేలు మూత మీదికి వెళ్ళింది. తీస్తే వాడు ఆగుతాడు, నాకు తెలుసు, నలభై ఏళ్ళ నుంచీ తెలుసు. వేలు అక్కడే ఆపాను. ఈ పని ఒకసారి అడక్కుండా చేశాను కదా. బల్ల కిందికి వంగాను, నడుము కలుక్కుమంది.

"తల్లీ, మూత తీస్తే నిన్ను అందరూ చూస్తారు. ఈ నెత్తురుతో, ఇలాగే. నువ్వు వద్దంటే తియ్యను. ఒట్టు. తలుపు నేను పట్టుకుంటాను."

ఆ అమ్మాయి నన్ను చూసింది, తలుపుని చూసింది, చుట్టిన చొక్కాలోంచి గడియ మీదికి వచ్చిన ఆ ఉంగరం వేలిని చూసింది. బల్ల కింద నుంచి బయటికి వచ్చింది. అద్దం ముక్కల మీద మోకాలు ఆని గీసుకుంది, పట్టించుకోలేదు.

"మీరు వద్దు మేడమ్," అంది. "నేనే తీస్తా."

వంకర చేత్తోనే తీసింది. తెర మీద ఒక గడి పెద్దదయింది, దాంట్లో ఆ అమ్మాయి, మసక లేకుండా, వెలుతురు నిండా మొహం మీద పడి, ఉబ్బిన చెవి, మెడ మీద ఎండుతున్న నెత్తురు, వెనకాల కన్నం పడ్డ అద్దం, దాంట్లోంచి చెయ్యి. రెండొందల పదహారు మంది ఊపిరి ఒక్కసారి వినిపించింది. తన పూర్తి పేరు చెప్పింది. శాఖ పేరు చెప్పింది. "ఆ చెయ్యి నా మొగుడిది. నా చెయ్యి విరిచింది ఆయనే. నేను ఆయనతో వెళ్ళను," అంది.

అద్దానికి అంటించిన మసక కాగితం పైనుంచి వాడి కళ్ళు తెర మీదికి వచ్చాయి. ఒక వరస నుంచి ఇంకో వరసకి తిరిగాయి, వంటగదులు, పిల్లలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆడవాళ్ళు, లేచి నిలబడ్డ మగవాళ్ళు. చెయ్యి గడియ వదిలింది. వెనక్కి వెళ్ళింది. సిలిండరు నేల మీద పెట్టిన చప్పుడు, జాగ్రత్తగా, ఎవరికీ తగలకుండా పెట్టినట్టు. తర్వాత వాడు, బాగున్న చేత్తో, జుట్టు సర్దుకున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, పీట మీద కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లకి చూపించాలనిపించింది, చూడవే, చూడు, నువ్వు సరిగ్గానే చూశావు అని. బూట్లు మెట్ల వైపు తిరిగాయి, ముందు నడక, తర్వాత పరుగు. కింద ఎక్కడో సైరను. ఆ అమ్మాయి కెమెరా ముందు నుంచి కదలలేదు. తెర మూలన ఎర్ర చుక్క వెలుగుతోంది, ప్రతి క్లాసులాగే ఇదీ దానంతట అదే రికార్డు అవుతోంది. దీన్ని ఎవరికి చూపించాలో, అసలు చూపించాలో వద్దో, ముందు ఆ అమ్మాయిని అడగాలి.